సీసీ కెమెరా లైవ్ తెరను కొన్ని సెకన్లు ఆలస్యంగా నడపడం: అపోహలు - వాస్తవాలు

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో తోతాపురి సీజన్ మొదలైతే గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరుతాయి. వాచ్‌మన్ ఒక బండి నంబరు రిజిస్టరులో రాసుకునేలోపే వెనుక బండి కాటా మీదికి వెళ్లిపోతుంది. అలాంటి చోట లైవ్ తెర పక్కనే 30 సెకన్లు వెనుకగా నడిచే రెండో తెర ఉంటే, రికార్డర్‌లో వెతుక్కోకుండా తలెత్తి చూసి, జారిపోయిన నంబరు రాసుకోవచ్చు. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో కెమెరాలు బిగించే మాలాంటి వారు నిర్భయంగా సూచించదగిన ఏర్పాటు ఇది. అయితే దీని చుట్టూ ఉన్న అపోహలు తొలగకుండా పెడితే మేలు కంటే కీడే ఎక్కువ.

అపోహ: రికార్డర్‌లో టైము వెనక్కి మారిస్తే చిత్రం ఆలస్యంగా వస్తుంది.

వాస్తవం: మారేది చిత్రం మీద కనిపించే అంకెలే. బస్టాండులో గడియారం వెనక్కి తిప్పినంత మాత్రాన కొండ బస్సు ఆగదు కదా. పైగా ఇది ప్రమాదకరమైన పని. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువపత్రంతో సహా కోర్టుకు సమర్పించాలి. తప్పుడు సమయం పడిన ఫుటేజీకి ధ్రువపత్రం జతచేసినా, ఎదుటి న్యాయవాది మొదట పట్టుకునేది ఆ సమయాన్నే. కొన్ని రికార్డర్లు చైనా సమయంతోనే పెట్టెలోంచి బయటికి వస్తాయి. అలా వచ్చినవి మన సమయానికి రెండున్నర గంటలు ముందుంటాయి కనుక, బిగించిన రోజునే టైమ్ జోన్ 5:30కి మార్చి, ఇంటర్నెట్ ద్వారా సమయం సరిచూసుకునేలా పెట్టాలి.

అపోహ: ఆలస్యం పెడితే రికార్డింగ్ కూడా ఆలస్యమవుతుంది.

వాస్తవం: కాదు. రికార్డర్ తన స్ట్రీమ్ (కెమెరా నుంచి ఆగకుండా వచ్చే వీడియో ధార) తాను తీసుకుంటుంది. రెండో తెరకు అనుసంధానించిన చిన్న కంప్యూటర్ మరో స్ట్రీమ్ తీసుకుంటుంది. ఆలస్యం ఆ కంప్యూటర్‌లో మాత్రమే ఉండాలి, కెమెరాలో గానీ రికార్డర్‌లో గానీ కాదు. కెమెరా ముద్రించిన సమయం చిత్రంతోపాటే వస్తుంది కాబట్టి రెండు తెరల మీది అంకెల తేడాయే మనం పెట్టిన ఆలస్యం.

అపోహ: అంత వీడియోను పట్టి ఉంచాలంటే ఖరీదైన కంప్యూటర్ కావాలి.

వాస్తవం: ఏ దశలో పట్టి ఉంచుతున్నామన్నదే ముఖ్యం. కుదింపు విప్పిన చిత్రాలను దాచుకుంటే 1920×1080 పరిమాణంలో ఒక్కో ఫ్రేముకు సుమారు 31 లక్షల బైట్లు, సెకనుకు 25 ఫ్రేముల చొప్పున 78 మెగాబైట్లు, 30 సెకన్లకు రెండు గిగాబైట్లకు పైగా మెమరీ పోతుంది. అదే వీడియోను కెమెరా కుదించి పంపిన రూపంలోనే దాచితే, 4 మెగాబిట్ల స్ట్రీముకు 30 సెకన్లకు 15 మెగాబైట్లు చాలు. అందుకే బఫర్‌ను, అంటే వీడియోను కాసేపు పట్టి ఉంచే మెమరీని, కుదింపు విప్పే డీకోడర్‌కు ముందు పెట్టాలి. జీస్ట్రీమర్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌తో చేసేవారు మరొకటి గుర్తుంచుకోవాలి: అందులో వీడియోను పట్టి ఉంచే క్యూ మామూలుగా 200 బఫర్లు (ఇక్కడ బఫర్ అంటే ఒక్కో డేటా ముక్క), 10 మెగాబైట్లు, 1 సెకను అన్న మూడు హద్దుల్లో ఏది ముందు నిండితే అక్కడ ఆగిపోతుంది, కాబట్టి మూడింటినీ సడలించి, ఆలస్యంగా చేరిన ఫ్రేములను తెర వదిలేయకుండా కూడా చూసుకోవాలి.

అపోహ: వీఎల్‌సీ వీడియో ప్లేయర్‌లో నెట్‌వర్క్ క్యాషింగ్ (వీడియోను చూపించేముందు కాసేపు పట్టి ఉంచే సెట్టింగ్) పెంచితే పని అయిపోయినట్టే.

వాస్తవం: కాసేపు చూపించడానికి సరిపోతుంది, కానీ దాని పరిమితి 60 సెకన్లు. నెట్‌వర్క్ తెగితే తనంతట తాను మళ్లీ కలుస్తుందన్న భరోసా లేదు, కలిసినా ఆలస్యం పాత లెక్కకే ఉండాలన్న నియమం లేదు. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా పరీక్ష ఒక్కటే: ఫోన్‌లో స్టాప్‌వాచ్ నడుపుతూ కెమెరా ముందు పట్టుకుని, ఆ ఫోను, తెర రెండూ పడేలా మరో ఫోన్‌తో ఫొటో తీయాలి. రెండు అంకెల తేడా అసలు ఆలస్యం. ఈ పరీక్షను బిగించిన రోజే కాక, వారం తర్వాత కూడా చేయాలి.

అపోహ: ఆలస్యపు తెర ఒక్కటి ఉంటే లైవ్ తెర అక్కరలేదు.

వాస్తవం: ఈ మాటను ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోకూడదు. ఆటోమేటిక్ గేటు మూసే మనిషి 30 సెకన్ల కిందటి ఖాళీ దారిని చూసి బటన్ నొక్కితే, గేటు కింద అప్పుడు ఎవరున్నారో అతనికి తెలియదు. రద్దీ ఉన్న లాడ్జి మెట్ల దగ్గరైనా, లిఫ్టు దగ్గరైనా ఇంతే. గేటు బటన్ ఉన్న బల్ల మీద లైవ్ తెర మాత్రమే ఉండాలి. రెండోది రిజిస్టరు రాసే చోట, "30 సెకన్ల వెనుక" అని పెద్ద అక్షరాల్లో రాసి అంటించి పెట్టాలి.

కరెంటు పోయి వచ్చినప్పుడు మెమరీలోని బఫర్ చెరిగిపోతుంది కనుక కంప్యూటర్ లేచాక మరో 30 సెకన్లు ఆ తెర ఖాళీగానే ఉంటుంది. వాచ్‌మన్‌కు ఈ సంగతి ముందే చెప్పకపోతే చెడిపోయిందనుకుని ప్లగ్ తీసి పెడతాడు, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఆ కంప్యూటర్‌తో పాటు నెట్‌వర్క్ స్విచ్‌ను కూడా యూపీఎస్ మీదే పెట్టించండి.