మిరప ముడత వెనుక చిన్న ఆర్‌ఎన్‌ఏల చరిత్ర

గుంటూరు ప్రాంతంలో మిరప వేసే రైతుకు ముడత తెగులు తెచ్చే జెమిని వైరస్ పేరు కొత్త కాదు. తెల్లదోమ వాలిన కొన్నాళ్లకు లేత ఆకులు పైకి ముడుచుకుంటాయి, ఈనెల మధ్య ఉబ్బుతాయి, మొక్క గిడసబారిపోతుంది. వైరస్‌ను చంపే మందు లేదు. కొట్టే మందంతా తెల్లదోమ మీదే. అలాగని మొక్క ఊరికే లొంగిపోదు. వైరస్ జన్యువులను అణిచే చిన్న ఆర్‌ఎన్‌ఏలను (డీఎన్‌ఏను పోలిన అణువులను) తయారుచేసుకుంటుంది. ప్రోటీన్‌కు సూత్రం మోయని ఈ ఆర్‌ఎన్‌ఏల సంగతి బయటపడటానికి డెబ్బై ఏళ్లు పట్టింది.

1928లో అమెరికాలో వింగార్డ్ అనే శాస్త్రవేత్త రింగ్‌స్పాట్ వైరస్ సోకిన పొగాకు మొక్కలను గమనించాడు. కింది ఆకుల నిండా మచ్చలు. తర్వాత వచ్చిన పై ఆకులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. అదే వైరస్‌ను మళ్లీ ఎక్కించినా వాటికి సోకలేదు. మనుషుల్లోలా మొక్కల్లో యాంటీబాడీలు ఉండవు. మరి ఆ ఆకులను కాపాడింది ఏమిటో అప్పుడెవరికీ అంతుపట్టలేదు.

1990లో పెటూనియా పూలు ఇంకో చిక్కుముడి వేశాయి. ఊదా రంగు ముదరాలని, రంగుకు కారణమైన జన్యువును జోర్గెన్‌సెన్ బృందం మొక్కలో అదనంగా చేర్చింది. కొన్ని పూలు తెల్లగా పూశాయి, కొన్నింటిలో తెల్ల చారలు వచ్చాయి. చేర్చిన జన్యువుతో పాటు మొక్క సొంత జన్యువూ మూగబోయింది!

మూడేళ్లకు ఆంబ్రోస్, రువ్‌కున్ ఒక సన్నని నేల పురుగులో 22 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ ఎలా పనిచేస్తుందో చూపించారు. అది జన్యువులోని సూత్రాన్ని ప్రోటీన్ తయారీకి మోసుకెళ్లే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏకు అతుక్కుని ప్రోటీన్ తయారీని తగ్గిస్తుంది. పురుగుకే పరిమితమైన వింత అనుకున్నారు చాలామంది. 2000లో అలాంటిదే మరొకటి మనుషుల్లోనూ కనిపించాక ఆ మాట ఆగింది. 2024 నోబెల్ ఈ పనికే. మనిషి డీఎన్‌ఏలో ప్రోటీన్ల సూత్రం ఉన్నది 2 శాతం లోపే. మిగిలినదాన్ని చెత్త అనడం తొందరపాటని ఇలాంటివే తేల్చాయి.

మొక్కల చిక్కుముడి 1999లో వీడింది. బ్రిటన్‌లో హామిల్టన్, బౌల్కోంబ్ వైరస్ సోకిన మొక్కల్లో, జన్యువు మూగబోయిన మొక్కల్లో ఒకే రకం చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలను పట్టుకున్నారు. జోడు పోగుల ఆర్‌ఎన్‌ఏను డైసర్ అనే ఎంజైమ్ ముక్కలు చేస్తుంది. ఆ ముక్కను పట్టుకున్న ఆర్గొనాట్ ప్రోటీన్ దానికి సరిపోలే వైరస్ ఆర్‌ఎన్‌ఏను వెతికి తెంచేస్తుంది. జోడు పోగుల ఆర్‌ఎన్‌ఏ జన్యువులను మూగబోయేలా చేస్తుందని 1998లో పురుగుల్లో చూపిన ఫైర్, మెల్లోలకు 2006లో నోబెల్ వచ్చింది. అందులో మొక్కల శాస్త్రవేత్తలకు చోటు దక్కకపోవడం అన్యాయమనే నా అభిప్రాయం.

ఇంత రక్షణ ఉండీ మిరప ఎందుకు ఓడిపోతుంది? వైరస్ కూడా ఎదురు దెబ్బ తీస్తుంది కాబట్టి. చాలాచోట్ల ముడత వైరస్‌కు తోడుగా వచ్చే బీటా శాటిలైట్ అనే చిన్న డీఎన్‌ఏ ఒక ప్రోటీన్‌ను తయారుచేయించి మొక్క రక్షణనే అణిచేస్తుంది.

ఈ విద్య ఇప్పుడు పిచికారీ మందుగానూ వచ్చింది. బంగాళాదుంప ఆకులు తినే కొలరాడో పెంకు పురుగు మీద వాడే ఆర్‌ఎన్‌ఏ మందుకు 2023 డిసెంబరులో అమెరికా అనుమతిచ్చింది. ఆ పురుగు ఆకును నములుతుంది కాబట్టి మందు నేరుగా పొట్టలోకి చేరుతుంది. తెల్లదోమ నమలదు, ముక్కు లోపలికి దించి రసం పీలుస్తుంది. పైన చల్లిన ఆర్‌ఎన్‌ఏ ఎండకూ వానకూ నిలిచి, ఆకులోకి ఇంకితే తప్ప దానికి అందదు. అందాకా మిరప రైతుకు నారుమడి మీద వల, చేలో పసుపు జిగురు అట్టలు, తెగులును తట్టుకునే రకాలే ఆధారం.