ఫోన్ మన ఆలోచనను లాగేసుకుంటోందా? అపోహలు - వాస్తవాలు

వైరల్ అయిన వార్తల్లో నిజమెంతో తేల్చడం నా పని, ఆ పని ఎలా చేయాలో విద్యార్థులకు కూడా నేర్పిస్తుంటాను. అందుకే "ఈ సోషల్ మీడియా వచ్చాక జనం సొంతంగా ఆలోచించడం మానేశారు కదండీ" అనే మాట తరచూ వింటాను. భయం నిజమైనదే, కానీ మనం భయపడాల్సిన చోటు వేరే ఉంది.

అపోహ: మనిషి ఏకాగ్రత 8 సెకన్లకు పడిపోయింది, గోల్డ్‌ఫిష్ కంటే తక్కువ.

2015లో మైక్రోసాఫ్ట్ నివేదిక ఒకటి ఈ అంకెను ప్రపంచమంతా తిప్పింది. దాని వెనుక మనిషిని గానీ చేపను గానీ సరిగ్గా కొలిచిన పరిశోధన లేదు. దీన్ని ఇక వదిలేయండి.

అపోహ: తప్పంతా అల్గారిథంలదీ (మనకు ఏది చూపించాలో తేల్చే ప్రోగ్రాములు) బాట్‌లదీ (మనుషుల్లా పోస్టులు పెట్టే ఆటోమేటిక్ ఖాతాలు).

2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించి 2018లో ఫలితాలు ప్రచురించారు. 1,500 మందికి చేరడానికి నిజమైన కథనానికి అబద్ధం కంటే దాదాపు ఆరు రెట్లు ఎక్కువ సమయం పట్టింది. బాట్‌లను లెక్కలోంచి తీసేసి చూసినా అబద్ధమే ముందుంది, అంటే దాన్ని మోసింది ప్రధానంగా మనుషులే. కొత్తగా, ఆశ్చర్యంగా అనిపించింది కాబట్టి పంపేశారు.

అపోహ: లైకులు చూసి నేనేం అభిప్రాయం మార్చుకోను.

దాదాపు అందరూ ఇదే అంటారు, నన్ను ఎక్కువగా కలవరపెట్టేదీ ఇదే. 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక ప్రయోగంలో, ఒక న్యూస్ సైట్‌లోని కామెంట్లలో కొన్నింటికి ఏ కారణమూ లేకుండా, రాసిన వెంటనే ఒక్క ప్లస్ ఓటు వేసి వదిలేశారు. అంతే, ఆ ఒక్క ఓటు వల్ల వాటి చివరి రేటింగ్ సగటున 25 శాతం పెరిగింది! మరికొన్నింటికి ఇలాగే అన్యాయంగా వేసిన మైనస్ ఓటును మాత్రం తర్వాత వచ్చినవాళ్లు సరిదిద్దారు. అంటే ఎవరినైనా తిడుతుంటే మనకు అనుమానం వస్తుంది, మెచ్చుకుంటుంటే ఆ అనుమానం రాదు. నా దృష్టిలో అసలు నష్టం ఇక్కడుంది. ఆలోచించే శక్తి ఎక్కడికీ పోలేదు, కానీ మన అభిప్రాయం తయారయ్యేలోపే పక్కవాళ్ల అభిప్రాయం, దాని కింద వేల లైకులతో సహా, కళ్ల ముందుకు వచ్చేస్తోంది.

అపోహ: బాగా చదువుకున్నవాళ్లు మోసపోరు.

స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చరిత్ర ఆచార్యులను, తమ విశ్వవిద్యాలయ విద్యార్థులను, ఫ్యాక్ట్ చెకర్లను (నాలా వార్తల్లో నిజమెంతో తేల్చేవాళ్లను) కూర్చోబెట్టి కొన్ని వెబ్‌సైట్లు చూపించారు. వాటిలో దాదాపు ఒకే పేరున్న రెండు వైద్యుల సంస్థల సైట్లూ ఉన్నాయి. ఆ సంస్థల్లో ఒకటి పెద్దది, రెండోది దాన్నుంచి విడిపోయిన చిన్న వర్గం. విద్యార్థుల్లో ఎక్కువమంది ఆ చిన్నదే నమ్మదగినదన్నారు, ఆచార్యుల్లోనూ కొందరు తడబడ్డారు. లోగో, భాష, రిఫరెన్సులు చూస్తూ అదే పేజీలో ఉండిపోయారు మరి. ఫ్యాక్ట్ చెకర్లు కాసేపట్లోనే ఆ పేజీ వదిలి, కొత్త ట్యాబ్‌లు తెరిచి, ఈ సంస్థ గురించి బయటివాళ్లు ఏమంటున్నారో చూశారు. మేం రోజూ చేసేది ఇదే, దీనికి డిగ్రీ అక్కర్లేదు.

అపోహ: దేన్నీ నమ్మకపోవడమే స్వతంత్రంగా ఆలోచించడం.

కాదు. "మీడియా అంతా అబద్ధమే" అని తీర్మానించుకున్నవాళ్లతో మాట్లాడి చూడండి, చాలాసార్లు వాళ్లు తమకు నచ్చిన ఒక్క ఛానెల్‌ను మాత్రం ఏ పరీక్షా లేకుండా నమ్ముతుంటారు. అన్నింటినీ అనుమానించడానికి శ్రమ అక్కర్లేదు, ఫలానాది ఎందుకు నమ్ముతున్నానో చెప్పడానికి కావాలి.

అపోహ: అలవాటు పడిపోయాం, ఇక చేసేదేం లేదు.

2020లో ట్విట్టర్, వార్త తెరవకుండానే షేర్ చేయబోయేవాళ్లను "ముందు చదువుతారా?" అని అడగడం మొదలుపెట్టింది. ఆ ప్రశ్న చూశాక వార్తలు తెరవడం 40 శాతం పెరిగిందని ఆ కంపెనీయే చెప్పింది. నేను క్లాసులో కామెంట్లు కనబడకుండా వార్త ఇస్తాను, చదివి రెండు వాక్యాల్లో తమ అభిప్రాయం రాయమంటాను, ఆ తర్వాతే కామెంట్లు తెరుస్తాం. కొందరు అప్పుడు అభిప్రాయం మార్చుకుంటారు, అది మంచిదే, ఏ కామెంట్ చూసి మార్చుకున్నారో, ఎందుకో కూడా పక్కన రాయమంటాను. ఇంట్లో మీరూ ప్రయత్నించండి, ముఖ్యంగా మీకు బాగా కోపం తెప్పించిన వార్తతో.