జాగా తక్కువైతే ఇంజిన్ కూడా బుడ్డదే కొనాలా? స్టీమ్ షంటింగ్ ఇంజిన్ల సైజు మీద అపోహలు - వాస్తవాలు

మన హైదరాబాద్‌లో మోడల్ రైళ్ల పిచ్చి ఉన్నోళ్లు బానే ఉన్నరు, అందరికీ ఉన్న బాధ ఒకటే, జాగా. టూ బీహెచ్‌కే ఫ్లాట్‌లో బీరువా పోను, పిల్లల టేబుల్ పోను మిగిలేది ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీట్ ఒక్కటి పట్టేంత, అది కూడా ఇంట్లో ఒప్పుకుంటే. నేను లేఔట్లు కట్టిస్తా, ఇంజిన్లు రిపేర్ చేస్తా, వచ్చేటోళ్లు మొదట అడిగేది "అన్నా, జాగా లేదు, బుడ్డ షంటింగ్ ఇంజిన్ (యార్డులో వ్యాగన్లని అటూ ఇటూ జరిపేది) ఏదన్నా చెప్పు" అనే. షంటింగ్ ఇంజిన్ కొనుక్కోవాలన్న ఆలోచన మంచిదే, నేను కూడా అదే చెప్తా. కానీ సైజు అంటే ఏం కొలవాలి అన్న దగ్గరే లొల్లి మొత్తం.

అపోహ: జాగా తక్కువ ఉంటే 0-4-0 (అంటే ముందు వెనక చిన్న చక్రాలు లేకుండా నాలుగే పెద్ద చక్రాలున్నది) కొనాలి, అంతకంటే చిన్నది ఉండదు కదా.

వాస్తవం: ఇంజిన్ బాడీ ఎంత పొడుగుందో కర్వ్‌కి పెద్దగా పట్టదు, బిగించి ఉన్న పెద్ద చక్రాల్లో మొదటి ఇరుసు నుంచి చివరి ఇరుసు దాకా ఎంత దూరమన్నదే ముఖ్యం. అమెరికా యూఎస్ఆర్ఏ (మొదటి ప్రపంచ యుద్ధంలో అక్కడి రైల్వేల్ని నడిపిన ప్రభుత్వ సంస్థ) 0-6-0 అసలు ఇంజిన్‌లో ఆ దూరం 11 అడుగులు, హెచ్‌ఓలో (అంటే 1:87, అసలు దాంట్లో 87వ వంతు సైజు) లెక్కేస్తే నాలుగు సెంటీమీటర్లు కూడా రాదు, 18 అంగుళాల రేడియస్ కర్వ్ మీద హాయిగా తిరిగేస్తది. అంటే మామూలు లేఔట్ మీద 0-4-0తో కర్వ్ దగ్గర మీకు కొత్తగా కలిసొచ్చేది ఏం లేదు. పోయేది మాత్రం ఉంది, అది కరెంట్. మోడల్ ఇంజిన్ పట్టాల నుంచి చక్రాలతోనే కరెంట్ లాక్కుంటది. నాలుగే చక్రాలు, అవి కూడా దగ్గర దగ్గరగా ఉంటే, పాయింట్ (రైలు ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మారే చోటు) మధ్యలో పట్టాలు దాటుకునే దగ్గర ఉండే ప్లాస్టిక్ ఫ్రాగ్ మీదకి ఒక చక్రం రాగానే ఆ పక్క పట్టాకి ఇక ఒక్క చక్రమే దిక్కు, దాని కింద కాస్త దుమ్ము ఉందా, అయిపోయింది. మెల్లగా నడిపి చూడండి, ముందు హెడ్‌లైట్ టుక్కుమంటది, ఇంజిన్ ఒక కుదుపు కుదుపి ఆగిపోతది, మీరు వేలు పెట్టి తోస్తే మళ్లీ కదులుతది. స్పీడ్‌గా పోయేటప్పుడు ఇది తెలీదు, ఊపులో దాటేస్తది, కానీ షంటింగ్ అంటేనే మెల్లగా పోవడం, అది కూడా పాయింట్ల మీదే, పైగా మన రోడ్ల దుమ్ము కిటికీలు మూసినా పట్టాల మీదకి వస్తది.

0-6-0కి టెండర్ (ఇంజిన్ వెనక బొగ్గు, నీళ్లు మోసే బండి) ఉండి, టెండర్ చక్రాలు కూడా కరెంట్ తీసుకునే రకం అయితే ఈ బాధ చాలావరకు పోతది. 0-4-0నే ముచ్చటపడి కొన్నారనుకోండి, ఫ్రాగ్ మెటల్‌ది వేసి దానికి కరెంట్ ఇవ్వండి, డీసీసీ (పట్టాల ద్వారా డిజిటల్ కమాండ్లతో నడిపే పద్ధతి) అయితే కరెంట్ క్షణం పోయినా ఇంజిన్ ఆగకుండా చూసే కీప్-అలైవ్ కెపాసిటర్ పెట్టించండి (విడి పార్టులకి కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది), కాకపోతే టెండర్ లేని ట్యాంక్ ఇంజిన్ (నీళ్లు, బొగ్గు తన మీదే మోసేది) లోపల మోటార్, బరువు, కమాండ్లు అందుకునే డీకోడర్ పోను కెపాసిటర్‌కి చోటు ఎక్కడిది? టెండర్ ఉంటే దాంట్లో దూర్చేయొచ్చు.

అసలు రైల్వేల్లో కూడా 0-4-0 అంటే ఇంకేదీ పట్టని సందుల్లో వాడేదే. అమెరికాలో బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వే వాళ్లు 1912లో బాల్డ్‌విన్ కంపెనీతో సీ-16 అని 0-4-0లు నాలుగంటే నాలుగే చేయించుకున్నరు, బాల్టిమోర్ రేవు పక్కన వీధుల్లో ఉండే టైట్ కర్వ్‌ల కోసం. మొదటి ప్రపంచ యుద్ధం టైంలో అమెరికా ప్రభుత్వం రైల్వేల్ని చేతిలోకి తీసుకుని స్టాండర్డ్ డిజైన్లు గీయించినప్పుడు షంటింగ్ కోసం గీసినవి 0-6-0, 0-8-0, అంతే, 0-4-0 ఆ లిస్టులోనే లేదు. మోడల్స్‌లోకి వచ్చేసరికి అది స్టార్టర్ సెట్లలో చవగ్గా దొరుకుతది కాబట్టి ఇంత పేరొచ్చింది, నన్నడిగితే దాన్ని షోకేస్‌లో పెట్టుకుంటే చాలు.

అపోహ: ఓ-27 కర్వ్ పెద్దది, హెచ్‌ఓ 18 కర్వ్ చిన్నది.

వాస్తవం: ఉల్టా. అమెరికన్ కంపెనీ లయనెల్ చేసేలాంటి మూడు పట్టాల ఓ గేజ్‌లో (హెచ్‌ఓ కంటే పెద్ద సైజు) 27, 31, 36 అనేవి సర్కిల్ మొత్తం అడ్డం, అంటే డయామీటర్, అంగుళాల్లో. హెచ్‌ఓలో 18, 22 అనేవి రేడియస్. 18 రేడియస్ అంటే 36 అంగుళాల సర్కిల్, ఓ-27 కంటే పెద్దది. బ్రిటిష్ కంపెనీ హార్న్‌బీ వాళ్ల ఫస్ట్ రేడియస్ 371, సెకండ్ రేడియస్ 438, ఇవి మిల్లీమీటర్లు, ఇవి కూడా రేడియస్సే. 22 రేడియస్ వేస్తే 44 అంగుళాలు, నాలుగడుగుల షీట్ మీద అటు ఇటు రెండేసి అంగుళాలు మిగుల్తయి, దాంట్లోనే సగం పట్టా వెడల్పు కూడా పోతది, అంచుకి అడ్డం ఏదన్నా కట్టకపోతే ఇంజిన్ ఎప్పుడో ఒకప్పుడు నేల మీద ఉంటది. ఇంజిన్ బాక్స్ మీద మినిమమ్ కర్వ్ అని ఉన్న నంబర్ రేడియస్సో డయామీటరో చూసుకోకుండా ఆర్డర్ పెట్టొద్దు. ఇంకో మాట, అమెరికాలో ఉన్న అన్నయ్యో బావో సూట్‌కేస్‌లో తెచ్చిన సెట్‌లో ట్రాన్స్‌ఫార్మర్ 120 వోల్టులది ఉంటది, కన్వర్టర్ పిన్ పెట్టి డైరెక్టుగా మన 230లో గుచ్చితే ఇంజిన్ సైజు గురించి ఆలోచించే పని కూడా ఉండదు.

అపోహ: పట్టాల మీద కూర్చుంటే సైజు మ్యాచ్ అయినట్టే.

వాస్తవం: పట్టాల వెడల్పు వేరు, స్కేల్ వేరు. హెచ్‌ఓ 1:87, బ్రిటిష్ ఓఓ 1:76, రెండూ నడిచేది అదే 16.5 మిల్లీమీటర్ల పట్టా మీద. అంటే ఓఓ బొమ్మ ఏడో వంతు పెద్దది. కానీ బ్రిటన్‌లో అసలు ఇంజిన్లే అమెరికా వాటికంటే చిన్నవి కాబట్టి ఓఓ షంటింగ్ ఇంజిన్‌ని అమెరికన్ హెచ్‌ఓ వ్యాగన్ల ముందు పెడితే చాలాసార్లు కంటికి బానే ఉంటది, క్యాబ్ తలుపు, మెట్లు, లోపల డ్రైవర్ బొమ్మ పక్కపక్కన పెట్టి చూస్తేనే దొరికిపోతది. ఓ గేజ్‌లో ఇది ఇంకా ఎక్కువ. లయనెల్ 1939లోనే పెన్సిల్వేనియా రైల్‌రోడ్ బీ6 చూసి ఫుల్ స్కేల్, అంటే 1:48లో, 0-6-0 తీసింది, అవే రోజుల్లో ఓ-27 సెట్ల కోసం పొట్టి 0-4-0లు కూడా అమ్మింది, రెండిటికీ పట్టాల మధ్య వెడల్పు ఒకటే. నలభై అడుగుల బాక్స్ వ్యాగన్ 1:48లో పది అంగుళాలు రావాలి, ఓ-27 సెట్లలో వచ్చే వ్యాగన్లు చాలా మటుకు అంతకంటే పొట్టి, ఎత్తు కూడా తక్కువ. వాటి ముందు ఫుల్ స్కేల్ 0-6-0 పెట్టారంటే ఆటో స్టాండ్‌లో ఆర్టీసీ బస్సు ఆపినట్టే. ముందు మీ దగ్గర ఏ వ్యాగన్లు ఉన్నయో చూసి, వాటి ఎత్తు కొలిచి, ఆ తర్వాతే ఇంజిన్ జోలికి పోండి.

మన బ్రాడ్ గేజ్ మోడల్స్ కొనేవాళ్లకి కూడా ఇదే సంగతి, 1676 మిల్లీమీటర్లని 87తో భాగిస్తే 19.3 వస్తది, 16.5 పట్టా మీద పెడితే మన బండి కాళ్లు దగ్గర పెట్టుకుని నిల్చున్నట్టే కనిపిస్తది. నాకైతే అది పెద్ద విషయం కాదు.

అపోహ: కర్వ్‌లో పడిపోతుందంటే ఇంజిన్ పెద్దదైందన్నట్టే.

వాస్తవం: ఎక్కువసార్లు దోషం వెనక ఉన్న బోగీది. మోడలింగ్‌లో ఒక మోటు లెక్క ఉంది, కర్వ్ రేడియస్ మీ పొడుగు బోగీకి మూడు రెట్లు ఉంటే బేఫికర్, రెండు రెట్లకి తగ్గితే తిప్పలే. మన ఐసీఎఫ్ కోచ్ (చెన్నై ఫ్యాక్టరీ ప్యాసింజర్ బోగీ) హెచ్‌ఓలో దాదాపు 245 మిల్లీమీటర్లు, 18 అంగుళాల రేడియస్ అంటే 457, రెండు రెట్లు కూడా లేదు. అదే బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ అయితే కప్లర్లతో కలిపి 123, మూడు రెట్లు దాటి పోయింది. కోచ్ మూల కర్వ్ బయటికి తన్నుతది, పొట్టి ఇంజిన్ వెనక కప్లర్ మాత్రం పట్టా మధ్యలోనే ఉంటది, రెండూ పక్కకి గుంజుకుంటయి, తేలికైనది ఎగురుతది, పడింది ఇంజిన్ కాబట్టి తిట్లు దానికి. ఇంజిన్ మార్చే ముందు కోచ్ తీసేసి నాలుగు వ్యాగన్లు కట్టి తిప్పి చూడండి.

అపోహ: 0-8-0 చిన్న కర్వ్ మీద అసలు నడవదు.

వాస్తవం: చాలా మోడల్స్‌లో మధ్య చక్రాలకి అంచు లేకుండా చేస్తరు, ఇరుసులకి పక్కకి కాస్త ఆట ఇస్తరు, నడుస్తది. చూడ్డానికి ఎలా ఉంటదన్నది వేరే సంగతి.

అపోహ: కర్వ్ తిరిగితే చాలు, మిగతాదంతా సెట్ అయిపోతది.

వాస్తవం: షంటింగ్ లేఔట్‌కి అసలు కొలత కర్వ్ కాదు, హెడ్‌షంట్, అంటే ఇంజిన్ వ్యాగన్లని బయటికి లాక్కుని నిలబడే ఆ చివరి పట్టా ముక్క. ఇంగిల్‌నుక్ అనే పజిల్ లేఔట్ ఉంది, మూడు సైడింగులు (వ్యాగన్లు నిలబెట్టే పక్క పట్టాలు), ఒక దాంట్లో ఐదు వ్యాగన్లు, మిగతా రెండిట్లో మూడేసి, హెడ్‌షంట్‌లో ఇంజిన్ ప్లస్ మూడు. మూడు బాక్స్‌ఎన్‌లు 37 సెంటీమీటర్లు, బుడ్డ ట్యాంక్ ఇంజిన్ ఓ పదకొండు, కలిపి 48. టెండర్ ఉన్న అమెరికన్ 0-6-0 అయితే ఇరవై పైనే ఉంటది, 57 దాటిపోతది. నేను పైన అంత పొగిడిన టెండర్ ఖరీదు ఈ సుమారు పది సెంటీమీటర్లు. బాల్కనీ గోడకి షెల్ఫ్ కొట్టి దాని మీద కట్టేవాళ్లకి ఆ పది చాలా పెద్దది, అక్కడ మాత్రం నేను కూడా ఆరు చక్రాల ట్యాంక్ ఇంజిన్ తీసుకోమనే చెప్తా, 0-6-0టీ. కొనే ముందు అట్టముక్కలు ఇంజిన్ పొడుగున ఒకటి, వ్యాగన్ పొడుగున మూడు కత్తిరించి, షెల్ఫ్ మీద వరసగా పేర్చి, చివరి అట్టముక్క పాయింట్ మొత్తం దాటిందో లేదో చూసుకోండి, పాయింట్ మీదే నిలబడిందంటే అది మార్చడానికే రాదు.