గ్రిజ్లీల లెక్క తేల్చిన కవలలు

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా అమెరికా నౌకాదళానికి ఒక కొత్త చిక్కు వచ్చింది. విమానం కూలిన పైలట్ ప్రాణాలతో బయటపడినా, పసిఫిక్‌లో పేరు తెలియని ఏ దీవిలోనో చిక్కుకుంటే ఏం తినాలి? తాగేనీళ్లు ఎక్కడ వెతకాలి? రాత్రి ఎక్కడ తలదాచుకోవాలి? తుపాకీ పేల్చడం నేర్పేవాళ్లు నౌకాదళంలో బోలెడుమంది. ఇవి నేర్పేవాళ్లు మాత్రం తక్కువ. అందుకోసం పిలిపించినవాళ్లలో ఫ్రాంక్ క్రెయిగ్‌హెడ్, జాన్ క్రెయిగ్‌హెడ్ అనే కవల సోదరులు ఉన్నారు. అప్పటికి వాళ్లకు ఇంకా ముప్పై కూడా రాలేదు. పైలట్లకు పాఠాలు చెబుతూనే ఇద్దరూ కలిసి ఒక శిక్షణ పుస్తకం రాశారు. అది 1943లో అచ్చయింది.

1959లో ఈ అన్నదమ్ములు ఇంచుమించు అవే ప్రశ్నలు పట్టుకుని అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో గ్రిజ్లీ ఎలుగుబంట్ల వెంట పడ్డారు. ఇది ఏం తింటుంది? ఎంత దూరం తిరుగుతుంది? ఆరు నెలల మంచులో ఎక్కడ పడుకుంటుంది? ఆ పరిశోధన పన్నెండేళ్లు నడిచి పెద్ద గొడవతో ఆగిపోయింది. పెద్ద జంతువుల సంరక్షణ లెక్కల్లో ఇవాళ వాడే పద్ధతులు కొన్నిటికి మూలం మాత్రం అక్కడే ఉంది.

వీళ్లు పుట్టింది 1916లో, వాషింగ్టన్ నగరంలో. తండ్రి ప్రభుత్వ ఉద్యోగి, అడవి చెట్లను తొలిచే పురుగుల మీద పనిచేసిన శాస్త్రవేత్త. కొడుకులకు చిన్నప్పటి నుంచీ డేగల పిచ్చి. చెట్లెక్కి, కొండ అంచుల నుంచి తాళ్లతో దిగి గూళ్లు చూడటం, డేగను పెంచి వేటకు తర్ఫీదు ఇవ్వడం, ఫోటోలు తీయడం. 1937లో, ఇంకా కాలేజీలో ఉండగానే, నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో వాళ్ల వ్యాసం వచ్చింది. దాన్ని గుజరాత్‌లో ఒకాయన చదివాడు. ఆయన భావనగర్ రాజకుటుంబానికి చెందిన ధర్మకుమార్‌సింహ్‌జీ. డేగవేటలో ఆయనకూ అంతే మోజు. ఉత్తరాలు నడిచాయి, స్నేహం కుదిరింది. 1940లో కవలలిద్దరూ భావనగర్ వచ్చి నెలల తరబడి రాజుగారి అతిథులుగా ఉండిపోయారు. డేగలతో పాటు, మచ్చిక చేసిన చీతాలను కృష్ణజింకల మీదికి వదిలే వేటను కూడా కళ్లారా చూశారు. మన దేశపు చీతా అప్పటికే దాదాపు కనుమరుగైంది. సంస్థానాల్లో పెంచుతున్న వాటిలో చాలావరకు ఆఫ్రికా నుంచి తెప్పించినవే. ధర్మకుమార్‌సింహ్‌జీ తర్వాతి కాలంలో పేరున్న పక్షిశాస్త్రజ్ఞుడయ్యాడు. మన కర్నూలు వైపు రోళ్లపాడు గడ్డి మైదానాల పేరు చెప్పగానే గుర్తొచ్చే బట్టమేక పిట్ట మీద ఆయన చేసిన పని ముఖ్యమైనది.

యుద్ధం అయ్యాక సోదరులు మిషిగన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్లు పూర్తి చేశారు. వయోమింగ్ రాష్ట్రంలో మూస్ అనే చిన్న ఊళ్లో పక్కపక్కనే దుంగల ఇళ్లు కట్టుకున్నారు. జాన్ 1952లో మోంటానా విశ్వవిద్యాలయంలో వన్యప్రాణి పరిశోధన విభాగానికి నాయకుడై పాతికేళ్లు అక్కడే పనిచేశాడు. తర్వాత వచ్చింది ఎల్లోస్టోన్ పని.

ఎల్లోస్టోన్ దాదాపు తొమ్మిది వేల చదరపు కిలోమీటర్ల పార్కు. అంత అడవిలో వీళ్లు పరిశోధన మొదలుపెట్టిన చోటు చెత్తకుప్ప! హోటళ్లలో, క్యాంపుల్లో మిగిలిన తిండినంతా పార్కు దశాబ్దాలుగా లోపలే పారబోసేది. యుద్ధానికి ముందైతే ఎలుగులు వచ్చి తింటుంటే యాత్రికులు కూర్చుని చూడటానికి బల్లల వరసలు కూడా ఉండేవి. ట్రౌట్ క్రీక్ దగ్గరి డంపింగ్ యార్డుకు వేసవి సాయంత్రాల్లో పదుల కొద్దీ గ్రిజ్లీలు చేరేవి. ఒంటరిగా తిరిగే జంతువులు అన్నేసి ఒకే చోట కనబడటం పరిశోధకుడికి పెద్ద వరం.

కానీ వాటిలో ఏది ఏదో గుర్తుపట్టడం ఎలా? ముందు పట్టుకోవాలి. కల్వర్టు గొట్టాలతో చేసిన బోనులు పెట్టారు. మత్తు సూదులు పేల్చారు. తొలిరోజుల్లో వాడిన మందు కండరాలను సడలించేదే గాని స్పృహ పోగొట్టేది కాదు. అంటే ఎలుగు కదల్లేక పడి ఉంటుంది, చుట్టూ జరిగేది మాత్రం దానికి తెలుస్తూనే ఉంటుంది. మందు ప్రభావం కొద్ది నిమిషాలే. ఆలోగా బరువు తూచాలి, కొలతలు తీయాలి, పన్ను ఒకటి పీకాలి, చెవికి రంగు బిళ్ల కట్టాలి. లేచిన ఒక మగ ఎలుగు వాళ్ల కారు మీద విరుచుకుపడిన దృశ్యం తర్వాత టీవీలో కోట్లమంది చూశారు. పన్ను ఎందుకంటే, దాన్ని అడ్డంగా కోసి చూస్తే సంవత్సరానికొకటి చొప్పున వలయాలు కనిపిస్తాయి. వాటిని లెక్కపెడితే వయసు తెలిసిపోతుంది.

డంపింగ్ యార్డు దాటి అడవిలోకి వెళ్లిపోయిన ఎలుగు సంగతేంటి? దానికి సమాధానం రేడియో కాలర్. ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ల సాయంతో బ్యాటరీ, చిన్న ట్రాన్స్‌మీటర్ ఉన్న పట్టీ తయారుచేసి 1961లో 40వ నంబరు ఆడ ఎలుగు మెడకు కట్టారు. దానికి మేరియన్ అని పేరు పెట్టారు. ఒక గ్రిజ్లీకి రేడియో కాలర్ కట్టడం అదే మొదటిసారి. పద్ధతి ఇప్పుడు వింటే చాలా మామూలుగా ఉంటుంది: చేతిలో యాంటెన్నా తిప్పుతూ బీప్ శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో చూడాలి, మరో చోటి నుంచి ఇంకోసారి చూడాలి, మ్యాపు మీద ఆ రెండు గీతలు కలిసే చోట ఎలుగు ఉంటుంది. రాత్రి, వాన, మంచు ఏదైనా సరే ఆ బీప్ వెనకే నడవాలి. ఈ పనికి నౌకాదళంలో పాఠాలు చెప్పిన అనుభవం ఎంత ఉపయోగపడి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ బీప్ వెనక వెళ్లి వాళ్లు కనుక్కున్న వాటిలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది చలికాలపు సంగతి. గ్రిజ్లీ తన బొరియను ముందుగానే తవ్వి పెట్టుకుంటుంది. చాలావరకు ఉత్తరం వైపు వాలులో, ఏదో పెద్ద చెట్టు వేళ్ల కింద. ఉత్తరపు వాలులో ఎండ తక్కువ, పడిన మంచు కరగకుండా దుప్పటిలా కప్పి ఉంచుతుంది. తవ్వుకున్నాక వెంటనే లోపలికి పోదు. మగతగా చుట్టుపక్కలే తిరుగుతూ ఉంటుంది. పెద్ద మంచు తుఫాను వచ్చిన రోజున వెళ్లి పడుకుంటుంది. తుఫాను ఆగేసరికి బొరియకు వెళ్లిన అడుగుజాడలన్నీ మంచు కింద కప్పబడిపోతాయి. వేర్వేరు చోట్ల ఉన్న కాలర్ ఎలుగులు ఒకే తుఫానులో లోపలికి వెళ్లడం చూసి సోదరులు తెల్లబోయారు.

బొరియలో ఎలుగు నెలల తరబడి తినదు, తాగదు, మలమూత్రాలు విసర్జించదు. కొవ్వు కరిగించుకుని బతుకుతుంది. గొడవంతా అర్థం కావాలంటే ఇక్కడ ఇంకో సంగతి తెలియాలి. గ్రిజ్లీలు జతకట్టేది వేసవి మొదట్లో. కానీ పిండం వెంటనే గర్భాశయానికి అంటుకోదు, చలికాలం మొదలయ్యేదాకా అలాగే ఆగి ఉంటుంది. ఆపాటికి తల్లి ఒంట్లో చాలినంత కొవ్వు చేరితే గర్భం నిలుస్తుంది, లేకపోతే లేదు. అంటే శరత్కాలంలో దొరికిన తిండే వచ్చే ఏటి పిల్లల సంఖ్యను తేలుస్తుంది. పైగా ఆడ గ్రిజ్లీ మొదటి ఈతకే ఐదారేళ్లు పడుతుంది, ఒక ఈతకూ ఇంకో ఈతకూ మధ్య మూడేళ్లో ఇంకా ఎక్కువో. ఒక ఆడ ఎలుగు చస్తే ఆ లోటు తీరడానికి ఏళ్లు కావాలి.

1960ల చివర్లో పార్కు అధికారులు డంపింగ్ యార్డులు మూసేయాలని తీర్మానించుకున్నారు. జాతీయ పార్కులు వీలైనంత సహజ స్థితిలో ఉండాలని 1963లో ఒక నిపుణుల సంఘం చెప్పింది. 1967 ఆగస్టులో, మోంటానాలోని గ్లేసియర్ పార్కులో, ఒకే రాత్రి వేర్వేరు చోట్ల రెండు గ్రిజ్లీలు ఇద్దరు యువతులను చంపేశాయి. మనుషుల తిండికి అలవాటు పడిన ఎలుగు ఎంత ప్రమాదమో దేశమంతా మాట్లాడుకుంది.

మూసేయడం తప్పని క్రెయిగ్‌హెడ్ సోదరులు అనలేదు. మెల్లగా మూయండి, ఎలుగులు ఎటు వెళ్తున్నాయో చూస్తూ మూయండి, కావాలంటే కొంతకాలం అడవి లోపల ఎల్క్ అనే పెద్ద దుప్పుల కళేబరాలు వేయండి అన్నారు. ఉన్నట్టుండి ఆపేస్తే అవి ఆకలితో క్యాంపుల మీద పడతాయి, కాల్చి చంపాల్సి వస్తుంది అన్నది వాళ్ల భయం. పార్కు జీవశాస్త్రజ్ఞుడు గ్లెన్ కోల్ వాదన వేరు: డంపింగ్ యార్డుకు రాని ఎలుగులు అడవి లోపల వేరే గుంపుగా ఉన్నాయి, ఇక్కడివి కొన్ని పోయినా జాతికి నష్టం లేదు.

ఇది అభిప్రాయభేదంలా కనిపిస్తుంది గాని పరీక్షించి తేల్చగల ప్రశ్న. నిజంగా రెండు గుంపులు వేరైతే, డంపింగ్ యార్డుకు దూరంగా చచ్చిన ఎలుగుల చెవులకు బిళ్లలు అరుదుగా ఉండాలి. అక్కడా బిళ్లలు మెండుగా కనిపిస్తుంటే గుంపు ఒక్కటే. సోదరుల లెక్కలో గుంపు ఒక్కటే అని తేలింది. అధికారులు ఒప్పుకోలేదు. చివరి యార్డు 1970లో మూతపడింది. పార్కు అనుమతి లేకుండా ఫలితాలు బయటపెట్టకూడదనే షరతుకు సోదరులు తలవంచలేదు, 1971లో పరిశోధన ఆగిపోయింది. ఆ తర్వాత దొరికిన ఎలుగుల చెవి బిళ్లలను సిబ్బంది తీసేయడం మొదలుపెట్టారు. యాత్రికుల కళ్లకు బాగుండవట! ఏది ఏ ఎలుగో చెప్పే ఒక్క ఆధారాన్ని, అదీ సరిగ్గా అవసరం వచ్చిన ఏళ్లలో, చేజేతులా పారేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

సోదరులు భయపడ్డట్టే ఆ ఏళ్లలో చాలా గ్రిజ్లీలు చచ్చాయి. 1972లో పార్కులోని ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి బుగ్గ దగ్గర ఒక యువకుడిని ఎలుగు చంపింది. నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ నియమించిన సంఘం 1974లో ఇచ్చిన నివేదిక చాలావరకు క్రెయిగ్‌హెడ్‌ల లెక్కల వైపే మొగ్గింది. 1975లో అలాస్కా మినహా అమెరికాలోని గ్రిజ్లీలకు చట్టరక్షణ దొరికింది. అప్పటికి ఎల్లోస్టోన్ ప్రాంతంలో మిగిలినవి 136 అని అంచనా.

పార్కు పక్షాన ఒక మాట చెప్పాలి. వాళ్ల లక్ష్యం మంచిదే. ఇవాళ ఎల్లోస్టోన్ ఎలుగులు చెత్త మీద ఆధారపడకుండా బతుకుతున్నాయంటే ఆ నిర్ణయం వల్లే. కానీ ఎంత వేగంగా చేయాలన్నది కూడా శాస్త్రం అడగాల్సిన ప్రశ్నే అని వాళ్లు అనుకోలేదు. శ్రీకాకుళం ఉద్దానంలో జీడితోటల్లోకి, పనసచెట్ల కిందికి వచ్చే మన ఎలుగుల గురించి మాట్లాడేటప్పుడు కూడా ఇదే పొరపాటు చేస్తుంటాం. తరమడమా, పట్టుకెళ్లి దూరంగా వదలడమా అన్న చర్చే గాని, ఏ ఎలుగు ఎక్కడి నుంచి వస్తోంది, ఏ నెలలో దేనికోసం వస్తోంది అనే లెక్క మీద అంత పట్టింపు కనిపించదు.

ఆ పన్నెండేళ్ల లెక్కలు వృథా పోలేదు. 1978లో మార్క్ షాఫర్ అనే పరిశోధక విద్యార్థి వాటిని కంప్యూటర్‌లో వేసి ఒక ప్రశ్న అడిగాడు: ఒక గుంపు వందేళ్ల పాటు నిలవాలంటే కనీసం ఎన్ని ఎలుగులు ఉండాలి? కరువు, రోగం, ఆడపిల్లలు తక్కువ పుట్టడం లాంటి కాకతాళీయాలను కూడా కలిపి లెక్క కట్టాడు. అంతరించిపోయే ముప్పును అంకెల్లో అంచనా వేసే ఒక శాస్త్రశాఖకు పునాది పడింది అలాంటి పనితోనే. పులుల మీద, ఏనుగుల మీద ఇప్పుడు అదే తరహా లెక్కలు వేస్తున్నారు.

సోదరులు ఇంకా చాలా చేశారు. 1968లో అమెరికా తెచ్చిన నదుల రక్షణ చట్టం వెనుక వాళ్ల ఆలోచన ఉంది. 1970లో ఒక ఆడ ఎల్క్‌కు కాలర్ కట్టి దాని జాడను ఉపగ్రహం ద్వారా పట్టారు. ఫ్రాంక్ 2001లో, జాన్ వందేళ్లు నిండాక 2016లో చనిపోయారు.

ఎల్లోస్టోన్ ప్రాంతంలో ఇప్పుడు గ్రిజ్లీలు వెయ్యి దరిదాపుల్లో ఉన్నాయి. సంఖ్య పెరిగిందని 2007లోనే ప్రభుత్వం చట్టరక్షణ తీసేసింది. 2009లో కోర్టు దాన్ని తిరిగి ఇప్పించింది. కారణం వైట్‌బార్క్ పైన్ చెట్లు. వాటి గింజలు శరత్కాలంలో ఎలుగులకు కొవ్వు పట్టించే తిండి. బెరడు పురుగుల వల్ల, తెగుళ్ల వల్ల ఆ చెట్లు పెద్దయెత్తున ఎండిపోతున్నాయి. ఆ గింజలు లేకపోయినా ఎలుగులకు ఢోకా లేదని ప్రభుత్వం చూపించలేకపోయిందని కోర్టు అంది. 2017లో మళ్లీ తీసేశారు, 2018లో మళ్లీ కోర్టు ఇప్పించింది. ఆ తీర్పు వచ్చింది జాన్ జీవితంలో ఎక్కువ భాగం గడిపిన మిసూలా నగరం నుంచే.