చిన్న తరగతుల పిల్లలకు కంప్యూటర్ ఆటలు: అపోహలు - వాస్తవాలు

ప్రాథమిక పాఠశాలలో కంప్యూటర్ పీరియడ్ చూసుకునే నన్ను తల్లిదండ్రులు, తోటి టీచర్లు ఎక్కువగా అడిగేది ఒకటే: "మా పిల్లలకు ఏ గేమ్ పెట్టమంటారు?" పేరు చెప్పడం తేలికే. కానీ గేమ్‌ల గురించి మనలో పాతుకుపోయిన కొన్ని నమ్మకాలు మారకపోతే, ఎంత మంచి పేరు చెప్పినా ఉపయోగం ఉండదు. అందుకే ముందు వాటి సంగతి చూద్దాం.

అపోహ: ప్లే స్టోర్‌లో "3+" అని ఉంది కాబట్టి మూడేళ్ల పాపకు సరిపోతుంది.

వాస్తవం: హింస, బూతులు, జూదం లాంటివి చిన్నపిల్లలు చూడకూడని స్థాయిలో లేవని మాత్రమే ఆ అంకెకు అర్థం. ఆ ఆట మూడేళ్ల పాపకు అర్థమవుతుందని గానీ, ఏదైనా నేర్పుతుందని గానీ అది చెప్పదు. పెద్దవాళ్ల చదరంగం యాప్‌కు కూడా 3+ ఉండొచ్చు. "ఎడ్యుకేషన్" అనే విభాగాన్నీ నమ్ముకోవద్దు. యాప్‌ను ఏ విభాగంలో పెట్టాలో ఎంచుకునేది దాన్ని తయారు చేసినవాళ్లే.

అపోహ: కదలకుండా గంటసేపు ఆడుతున్నాడంటే నేర్చుకుంటున్నట్టే.

వాస్తవం: గేమ్ ఎంపికలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. లెక్కల గేమ్‌లు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. కారు దూసుకుపోతుంటుంది. మధ్యలో ఆపి "7 + 5 ఎంత?" అని అడుగుతారు. జవాబు నొక్కగానే మళ్లీ కారు కదులుతుంది. ఇక్కడ లెక్క ఆటకు అడ్డం వచ్చే గేటు మాత్రమే. పిల్లలు నేర్చుకునేది ఆ గేటును తొందరగా దాటే ఉపాయం. నాలుగు జవాబులు చూపిస్తే నాలుగూ వరసగా నొక్కేస్తారు, తప్పయినా పోయేదేమీ లేదు గనుక.

బ్రిటన్‌లో జేకబ్ హాబ్‌గుడ్, షారన్ ఐన్స్‌వర్త్ ఇదే విషయాన్ని పరీక్షించి 2011లో ప్రచురించారు. ఏడు నుంచి పదకొండేళ్ల పిల్లల కోసం భాగాహారం గేమ్ ఒకటి తయారు చేశారు. ఎదురొచ్చే అస్థిపంజరాల మీద అంకెలుంటాయి, ఆ అంకెను నిశ్శేషంగా భాగించే ఆయుధంతోనే కొట్టాలి. అదే గేమ్‌కు ఇంకో రూపంలో పోరాటం మామూలుగా సాగుతుంది, లెక్కలు మాత్రం మధ్య మధ్యలో విడిగా వస్తాయి. లెక్క ఆటలోనే కలిసిపోయిన రూపాన్ని ఆడిన పిల్లలే ఎక్కువ నేర్చుకున్నారు. ఏది కావాలంటే అది ఆడుకోమన్నప్పుడు దాని మీద ఏడు రెట్లు ఎక్కువ సమయం గడిపారు కూడా.

కాబట్టి గేమ్ ఎంచుకునేటప్పుడు లెక్కలన్నీ తీసేస్తే ఏం మిగులుతుందో ఆలోచించండి. ఆట చెక్కుచెదరకుండా మిగిలితే, లెక్కను పైనుంచి అతికించారని అర్థం. జీకాంప్రీ అనే పిల్లల ఆటల సాఫ్ట్‌వేర్‌లో త్రాసు సమం చేసే ఆట ఉంది. అందులో బరువులు కూడుకోవడమే ఆట. అది తీసేస్తే ఏమీ మిగలదు.

తప్పు చేసినప్పుడు ఏమవుతుందో కూడా చూడండి. తప్పు నొక్కితే పెద్ద పేలుడు, ఒప్పు నొక్కితే చిన్న చప్పట్లు వచ్చే గేమ్‌లున్నాయి. పేలుడు కోసం పిల్లలు కావాలనే తప్పు నొక్కుతారు. ఇంకొకటి: 38 + 25కు 513 అని రాసే పిల్లలు మన ప్రతి తరగతిలో ఉంటారు. ఎనిమిదీ ఐదూ పదమూడు, మూడూ రెండూ ఐదు, రెండూ పక్కపక్కన పెట్టేశారు. అలాంటివాళ్లకు "తప్పు" అని బజర్ మోగిస్తే ఏం తెలుస్తుంది? పది ఒకట్లు ఒక కట్టగా మారి పదుల స్థానంలోకి వెళ్లడం తెర మీద కనిపించాలి.

అపోహ: కంప్యూటర్లు పెడితే టీచర్ అవసరం తగ్గుతుంది.

వాస్తవం: అలా తగ్గదనడానికి మన దేశంలోనే రుజువులున్నాయి. గుజరాత్‌లోని వడోదర మునిసిపల్ బడుల్లో నాలుగో తరగతి పిల్లలు వారానికి రెండు గంటలు, ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరు చొప్పున కూర్చుని లెక్కల ఆటలు ఆడారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం 2007లో ప్రచురించిన ఆ అధ్యయనంలో గణితం మార్కులు బాగా పెరిగాయి. కార్యక్రమం ఆగిన ఏడాదికి ఆ లాభంలో చాలా భాగం కరిగిపోయింది. గుజరాత్‌లోనే లీ లిండెన్ చేసిన మరో అధ్యయనంలో, మామూలు పాఠం బదులు కంప్యూటర్ పెట్టినచోట మార్కులు తగ్గాయి. బడి వేళలకు అదనంగా పెట్టినచోట పెరిగాయి.

ఒక్కొక్కరికీ ఒక్కో కంప్యూటర్ లేదని బాధపడే హెడ్‌మాస్టర్లు వడోదర సంగతి గుర్తుంచుకోవాలి. నేనూ ఇద్దరినే కూర్చోబెడతాను. మౌస్ పట్టుకున్నవాళ్లు జవాబు చెప్పకూడదు. పక్కవాళ్లు చెప్పాలి, ఎందుకో కూడా చెప్పాలి. కాసేపటికి మౌస్ చేతులు మారాలి. ఆట అయ్యాక అవే లెక్కలు రెండు నోటుబుక్‌లో చేయిస్తాను. గేమ్‌లో వచ్చింది కాగితం మీదికి దానంతట అది రాదు.

అపోహ: తెలుగు అక్షరాల గేమ్‌లన్నీ ఒకటే.

వాస్తవం: చాలా యాప్‌లలో "అ" పక్కన అమ్మ బొమ్మ ఉంటుంది, నొక్కితే గొంతు వినిపిస్తుంది. పిల్లలు బొమ్మ చూసి చెబుతారు, అక్షరం వైపు చూడనే చూడరు. బొమ్మ తీసేసి అడిగే దశ ఉన్న గేమ్ వెతకండి. మన పిల్లలు నిజంగా తడబడేది వ-ప-మ, ఘ-ఫ-ష, కొ-కో లాంటి చోట్ల. అసలు అక్షరానికి పోలికే లేని త, న, మ, ల వత్తుల దగ్గర ఇంకా ఎక్కువ. మంచి గేమ్ వీటిని పక్కపక్కన పెట్టి తేడా పట్టుకోమంటుంది. వేలితో దిద్దించే యాప్ అయితే ముందు మీరే తెర మీద పిచ్చిగీతలు గీయండి. దానికీ "భలే!" అంటే ఆ యాప్ వద్దు.

అపోహ: డబ్బు పెట్టి కొన్నదే మంచిది.

వాస్తవం: జీకాంప్రీ, బొమ్మలు గీసుకునే టక్స్ పెయింట్ రెండూ ఉచితం. ప్రకటనలు ఉండవు, నెట్ లేకపోయినా నడుస్తాయి. అలాగని ఉచితమైనవన్నీ ఇలా ఉండవు. ఆరేళ్ల పాపకు ప్రకటనకూ ఆట బటన్‌కూ తేడా తెలియదు. లెక్కల గేమ్ కాంటాక్టులు, మైక్రోఫోన్ అనుమతి అడిగితే తీసేయండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపువారి డేటాకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి, పిల్లల మీద నిఘా పెట్టి ప్రకటనలు చూపకూడదు.

అపోహ: బ్రెయిన్ గేమ్‌లతో తెలివి పెరుగుతుంది.

వాస్తవం: తమ బ్రెయిన్ గేమ్‌లు ఆడితే బడిలోనూ ఉద్యోగంలోనూ రాణిస్తారంటూ ప్రచారం చేసుకున్న లుమోసిటీ సంస్థ, దానికి తగిన శాస్త్రీయ ఆధారాలు లేవని అమెరికా వాణిజ్య కమిషన్ ఆరోపించడంతో 2016లో 20 లక్షల డాలర్లు చెల్లించి రాజీ పడింది.

అపోహ: కంప్యూటర్‌లో ఆడితేనే అంకెలు త్వరగా వస్తాయి.

వాస్తవం: రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి 2008లో బడికి వెళ్లబోయే పేద కుటుంబాల పిల్లలతో చిన్న ప్రయోగం చేశారు. ఒకటి నుంచి పది వరకు గళ్లున్న అట్ట మీద, పావుగంట చొప్పున నాలుగుసార్లు ఆడించారు. పిల్లల సంఖ్యా జ్ఞానం స్పష్టంగా మెరుగుపడింది. మనింట్లో వైకుంఠపాళితోనూ ఇది చేయొచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. ఐదులో ఉన్న కాయను రెండు గళ్లు జరిపేటప్పుడు "ఒకటి, రెండు" అనకుండా గడిలో ఉన్న అంకెలే చదువుతూ "ఆరు, ఏడు" అనిపించాలి. గళ్లలో అంకెలు తప్పకుండా ఉండాలి. అదే అట్టను అంకెల బదులు రంగులతో ఆడిన పిల్లల్లో ఆ మెరుగు కనిపించలేదు.