సూచీ వెనక ఎన్ని షేర్లు ఉన్నాయి?

పర్లాకిమిడి, ఒడిశా

చిరంజీవులకు ఆశీస్సులు.

నిఫ్టీ పెరిగింది కాబట్టి మార్కెట్ బాగున్నట్టేనని మొన్న పండక్కి వచ్చినప్పుడు మీరు అనుకోవడం విన్నాను. అది సగం మాటే కనుక మిగతా సగం రాస్తున్నాను.

నిఫ్టీ అంటే 50 పెద్ద కంపెనీల షేర్ల ధరలను కలిపి చూపే సూచీ. అందులో పెద్ద కంపెనీకి పెద్ద వాటా, చిన్నదానికి చిన్న వాటా ఉంటుంది. రెండు కంపెనీలకు చెరి 10 శాతం వాటా ఉందనుకోండి. ఆ రెండూ 5 శాతం చొప్పున పెరిగి, మిగిలిన 48 కంపెనీలూ ఒక్కో శాతం తగ్గినా సూచీ 0.2 శాతం లాభంతోనే ముగుస్తుంది. అందుకే అనుభవమున్న మదుపరులు ఎన్ని షేర్లు పెరిగాయో, ఎన్ని తగ్గాయో కూడా చూస్తారు. ఆ తేడాను ఏరోజుకారోజు పాత మొత్తానికి కలుపుతూ పోతే వచ్చే గీతే అడ్వాన్స్-డిక్లైన్ లైన్.

న్యూయార్క్ ఎక్స్ఛేంజీలో ఆ గీత 1998 ఏప్రిల్‌లోనే శిఖరం చేరి దిగడం మొదలుపెట్టగా, అమెరికాలోనే టెక్నాలజీ షేర్లు ఎక్కువగా ఉండే నాస్‌డాక్ సూచీ మాత్రం 2000 మార్చి 10న 5,048 దాకా ఎగబాకింది. డబ్బంతా ఇంటర్నెట్, టెలికాం వంటి కొద్ది రంగాలకే పోవడం దానికి కారణం. జపాన్‌లో డొకోమో అనే ఫోన్ కంపెనీ 1999లో తెచ్చిన ఐ-మోడ్ అనే మొబైల్ ఇంటర్నెట్ సేవ ద్వారా జనం ఫోన్‌లోనే టికెట్లు కొనడం, బ్యాంకు పనులు చేసుకోవడం చూసి, లోకమంతా ఇదే దారి పడుతుందని నమ్మినవారు వైర్‌లెస్ వాణిజ్య షేర్ల మీద ఎగబడ్డారు. 2002 అక్టోబరుకల్లా నాస్‌డాక్ 1,114కు పడిపోయింది. పాత శిఖరాన్ని దాటేసరికి 2015 వచ్చింది.

వాళ్ల ఊహ నిజమే అయింది. మన సంతలో కరివేపాకు అమ్మే ఆవిడ తెలుగులో బేరమాడి, డబ్బు పడిందని సౌండ్ బాక్స్ ఒడియాలో చెప్పగానే కట్ట చేతికిస్తుంది. కానీ ఆ చెల్లింపు నడిచే యూపీఐ 2016లో ఎన్‌పీసీఐ (నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్) తెచ్చినది. ఆ సంస్థ షేరు మార్కెట్లో దొరకదు. పైగా 2020 నుంచి బ్యాంకు ఖాతా ద్వారా జరిగే యూపీఐ చెల్లింపులకు వ్యాపారి దగ్గర ఎండీఆర్, అంటే చెల్లింపు అందుకున్నందుకు కట్టే రుసుము, తీసుకోవడం లేదు. ఒక సౌకర్యం ఊరూరికీ చేరినంత మాత్రాన, దాని పేరు చెప్పి అమ్మిన షేర్లు కొన్నవారికి లాభం చేరాలనేమీ లేదు.

ఆ గీత రెండేళ్లు ముందే భయపెట్టిందని, దాన్ని నమ్మి 1998లో అమ్మినవారు పెద్ద లాభం పోగొట్టుకున్నారని వాదించేవారూ ఉన్నారు. ఆ వాదనలో బలముంది. ఎప్పుడు అమ్మాలో ఆ గీత చెప్పదు. పెరుగుదల ఎంతమంది భుజాల మీద నిలిచి ఉందో మాత్రం చెబుతుంది. కొనేముందు అది తెలుసుకోవడం అవసరమనే నా నమ్మకం.

ఈ నెలంతా రోజూ సాయంత్రం పెరిగినవెన్నో, తగ్గినవెన్నో నోటు పుస్తకంలో రాసి గీత గీయండి. దసరా సెలవులకు వచ్చినప్పుడు నిఫ్టీ గీత పక్కన పెట్టి చూద్దాం.

మీ తాతయ్య