గొంతు జబ్బుకు కడుపు సూది

హన్మకొండలో ఉండే మా చిన్నమ్మ ఏళ్ల తరబడి పరగడుపున థైరాయిడ్ గోళీ వేసుకుంటోంది. డోసు 50 నుంచి 125 మైక్రోగ్రాములకు పెరిగినా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తక్కువైతే రక్తంలో పెరిగే హార్మోన్) దిగలేదు. దానికి తోడు రక్తం తక్కువ, అరికాళ్లలో తిమ్మిర్లు, తిన్నది అరగకపోవడం. అరగడానికని మెడికల్ షాపులో అడిగి గ్యాస్ గోళీ కూడా మొదలుపెట్టింది. చివరికి ఒక డాక్టర్ విటమిన్ బీ12 పరీక్ష రాస్తే గుట్టు కడుపులో దొరికింది.

థైరాయిడ్ జబ్బుకూ, కడుపులో మొదలయ్యే ఒక రక్తహీనతకూ ఉన్న చుట్టరికం తేలడానికి వందేళ్లకు పైగా పట్టింది. మనిషిని పాలిపోయేలా చేసి చంపే ఒక రక్తహీనత గురించి 1849లో లండన్‌లో థామస్ అడిసన్ చెప్పాడు. కారణం మాత్రం ఆయనకు అంతుపట్టలేదు. 1912లో జపాన్ డాక్టర్ హకారు హషిమోటో నలుగురు ఆడవాళ్ల థైరాయిడ్ గ్రంథుల్లో తెల్లకణాలు గుంపులుగా చేరి ఉండటం చూశాడు. ఒకటి రక్తం జబ్బు, ఇంకోటి గొంతు జబ్బు. రెండింటినీ కలిపి చూడాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది?

మధ్యలో మన భీమవరం మనిషి కూడా ఉన్నాడు. యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1945లో ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ తయారు చేసింది. అది ఇస్తే అడిసన్ చెప్పిన రోగుల రక్తం బాగుపడేది, నరాల జబ్బు మాత్రం ముదిరేది. వాళ్లకు అసలు కావాల్సిన బీ12 విడిగా చేతికి వచ్చింది 1948లో.

1956లో లండన్‌లో డెబోరా డోనియాక్, ఐవాన్ రోయిట్ బృందం హషిమోటో రోగుల రక్తంలో సొంత థైరాయిడ్‌ మీదికే పోయే యాంటీబాడీలను పట్టుకుంది. 1960ల మొదట్లో అడిసన్ రక్తహీనత ఉన్నవాళ్లలో కడుపు కణాల మీదికి పోయేవీ కనిపించాయి. అవే చాలామంది థైరాయిడ్ రోగుల్లోనూ బయటపడ్డాయి. థైరాయిడ్‌నూ కడుపునూ కలిపి చెప్పే ‘థైరోగ్యాస్ట్రిక్’ అన్న మాట అప్పటిదే. తల్లి కడుపులో థైరాయిడ్, జీర్ణాశయం తయారయ్యేది ఒకే పొర నుంచి, మరి చుట్టరికం ఉండదా!

ఈ జబ్బులో దెబ్బ తినే కడుపు కణాలు యాసిడ్‌తో పాటు బీ12ను ఒంటికి పట్టించే ప్రొటీన్‌నూ చేస్తాయి. యాసిడ్ తగ్గితే ఇనుమూ సరిగా పట్టదు, థైరాయిడ్ గోళీ కూడా సరిగా పనిచేయదు. ఇలాంటి కడుపు సమస్యలున్నవాళ్లకు థైరాక్సిన్ (థైరాయిడ్ గోళీలోని మందు) 22 నుంచి 34 శాతం ఎక్కువ కావాల్సి వచ్చిందని 2006లో ఇటలీ డాక్టర్లు లెక్క తేల్చారు. అంటే ఉన్న కాస్త యాసిడ్‌నూ చిన్నమ్మ గ్యాస్ గోళీతో ఆపుకుంది.

డాక్టర్ ఆ గోళీ మాన్పించి బీ12 సూదులు రాశాడు. "గొంతు చూపెట్టుకోను పోతే కడుపుకు సూది ఇచ్చిండేందిరా" అని చిన్నమ్మ ఇప్పటికీ నన్నే అడుగుతుంది.